ముందు బల్లకి వినబడని ప్రార్థన

మా ప్రార్థన మందిరంలో దేవుడి మాట ఎంత గట్టిగా వినబడాలో నిర్ణయించేది ప్రార్థన నడిపించే పెద్దాయన కాదు, నేను. ఈ మాట పైకి అంటే మా అమ్మ చెంప పగలగొడుతుంది గానీ, నిజం అదే. పద్దెనిమిదేళ్లుగా ఆ హాల్లో చివరి వరస వెనక, తలుపు పక్కన, శబ్దం సరిచేసే మిక్సర్ పెట్టె ముందు కూర్చునేది నేనే. సభలకీ వేడుకలకీ మైకులూ స్పీకర్లూ కట్టడం నా పని. అందరూ నన్ను మైకు అనే పిలుస్తారు. అసలు పేరు బ్యాంకు వాళ్లకీ మా అమ్మకీ తప్ప ఎవరికీ గుర్తు లేదు.

మా ఆవిడ కళ్లద్దాల కొట్టులో అద్దాలు అరగదీస్తుంది. "లోకానికి మీరు చెవులు, నేను కళ్లు. ఇంట్లో మాత్రం ఒకరి మాట ఒకరికి వినబడదు, ఒకరి బాధ ఒకరికి కనబడదు" అని నన్ను ఎత్తిపొడుస్తూ ఉంటుంది. మాకు ఒక్కతే కూతురు. అప్పటికి తొమ్మిదేళ్లు నిండాయి. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేదని పిట్ట అన్నాం, అదే ఉండిపోయింది. పిట్టకి వచ్చిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎక్కువగా వాడేవి రెండు, "పచ్చ", "చాలు". పేరు పెట్టి పిలిస్తే తల తిప్పదు. చప్పుడు మనకి చెవిలో పడితే దానికి ఒంటి మీద పడుతుంది. ఇంట్లో మిక్సీ తిప్పాలంటే ఒకరు దాన్ని వీధి చివరిదాకా నడిపించుకుని వెళ్లాలి. ఆ పని మా అమ్మదే. మనవరాలి చెయ్యి పట్టుకుని, ప్రతి గేటుకీ ఆగి, గేటు ఊచలన్నీ పిట్ట తాకేదాకా నిలబడి, ఓపిగ్గా తీసుకొచ్చేది.

అమ్మకి ప్రార్థన అంటే ప్రాణం. మా ఇంట్లో వారం అంటే ఏడు రోజులు కాదు, ప్రార్థన రోజు, దాని ముందు రోజులు, దాని తర్వాత రోజులు. మందిరంలో ముందు బల్ల మీద కుడివైపు చివర నలభై ఏళ్లుగా ఆవిడ చోటు. ఇంటిల్లిపాదీ ఒకే బల్ల మీద కూర్చోవాలని ఆవిడ పట్టు. నాన్న ఉన్నన్నాళ్లూ పక్కన ఆయన, తర్వాత మా ఆవిడ, ఒళ్లో పిట్ట. మిక్సర్ దగ్గర ఉండాలి కాబట్టి నాకొక్కడికే మినహాయింపు.

పిట్టకి అయిదేళ్లప్పుడు ఆ బల్ల చెదిరింది. ఆ రోజు చివరి పాట జరుగుతోంది. పెద్దాయన చేతి మైకు తీసుకుని స్పీకర్ ముందుకి నడిచారు. స్పీకర్ శబ్దం తిరిగి మైకులోకే దూరి, నేను చూసుకునేలోపే కూత పెట్టింది. నాలుగు సెకన్లు ఉంటుందేమో. పిట్ట తన చెయ్యి తానే రక్తం వచ్చేలా కొరుక్కుంది. ఒళ్లోంచి జారి పరిగెత్తి, తలుపుకేసి తల బాదుకుంది. మూడొందల మంది వెనక్కి తిరిగి చూశారు. ఒకావిడ "ఏం పట్టిందో పాపం" అంది. ఆ "పాపం" నాకు ఇప్పటికీ అరగలేదు. ఆ రోజు నుంచి ప్రార్థన రోజున మా ఆవిడ పిట్టతో ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మ ఒక్కతే ముందు బల్లకి వెళ్లి, పక్క చోటు మీద తన సంచి పెట్టుకునేది, ఎవరూ కూర్చోకుండా.

నాలుగేళ్లు అలా గడిచాయి. మా మందిరంలో ఒక పద్ధతి ఉంది. పదేళ్లు నిండిన పిల్లల పేర్లు పెద్దాయన ఏడాదికోసారి పుస్తకంలో రాసి మైకులో చదువుతారు. పిల్లలు ఆ హాల్లో ఉండాలి, అంతే. పలకాలనీ, ఏదో చెప్పాలనీ లేదు. ఆ పుస్తకంలో ఉన్నవాళ్లంతా పోయాక పైన ఒకచోట ఉంటారని మా అమ్మ నమ్మకం. పిట్ట వంతు దగ్గర పడుతోంది. ఒకరోజు అమ్మ టీ గ్లాసు పక్కన పెట్టి మెల్లగా అడిగింది.

"ఒరేయ్, దాని పేరు రాయించకపోతే ఎలా?"

"పేరు లేకపోతే దేవుడికి తెలీదా అమ్మా అది ఎవరో?"

"దేవుడికి తెలుస్తుంది. నాకెలా తెలుస్తుంది? అంతమందిలో నేను దాన్ని ఎక్కడని వెతుక్కోను? పిలిస్తే పలికే పిల్లయితే నాకు ఈ దిగులు లేదు."

నాకు పైన ఏముందో తెలీదు, పెద్దగా పట్టదు కూడా. కానీ మా అమ్మ చనిపోయాక కూడా నా కూతుర్ని వెతుక్కుంటూ తిరగడానికి సిద్ధపడుతోందని తెలిసింది. ఎలాగైనా పిట్టని ఆ హాల్లో కూర్చోబెట్టాలని అప్పుడే అనుకున్నాను.

నా బుర్రకి తట్టిన ఉపాయం నా పనిలోంచి వచ్చిందే. మిక్సర్ మీద అసలు మీట ఒకటుంటుంది. అది పైకి తోస్తే హాలంతా శబ్దం పెరుగుతుంది, దించితే తగ్గుతుంది. ఒక్కసారిగా దించితే జనం ఊరుకోరు, "మైకూ, నిద్రపోయావా" అంటారు. అదే వారానికి వెంట్రుకవాసి దించితే ఎవరికీ తెలీదు. చెవి అలవాటు పడిపోతుంది. ఇది నాకు పెళ్లి విందులు నేర్పిన విద్య. తెల్ల టేపు ముక్క ఒకటి మీట పక్కన అంటించి, పాత చోటుకి గుర్తు పెట్టుకుని, మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి తప్ప.

రెండు నెలలకి జనం ముందుకి వంగి వినడం మొదలుపెట్టారు. మూడు నెలలకి పాట పాడేటప్పుడు గొంతులు తగ్గాయి. స్పీకర్ అరవకపోతే మనుషులూ అరవరు. నాలుగో నెలలో పెద్దాయన లేచి, "ఈ మధ్య మన మందిరంలో భక్తి పెరిగింది, నిశ్శబ్దం పెరిగింది, నాకు చాలా సంతోషంగా ఉంది" అన్నారు. నేను మిక్సర్ వెనక తల దించుకుని నవ్వుకున్నాను. అంత గర్వం నాకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు.

అయిదో నెలలో పిట్టని తీసుకొచ్చాం. ముందు బల్లకి కాదు, నా పక్కన స్టూలు మీదకి. మిక్సర్ మీద వరసగా చిన్న చిన్న దీపాలుంటాయి. శబ్దం మామూలుగా ఉంటే పచ్చవి వెలుగుతాయి, పెరిగితే పసుపువి, మితిమీరితే ఎర్రవి. పిట్ట ఆ పచ్చదీపాలకి అతుక్కుపోయింది. పెద్దాయన మాట్లాడుతుంటే దీపాలు ఎగురుతాయి, పిట్ట వేలు వాటి వెంట ఎగురుతుంది. "పచ్చ" అంటుంది. పసుపు వెలిగితే నావైపు చూస్తుంది. నేను మీట మీద వేలు వేస్తాను, మళ్లీ పచ్చ. గంటన్నర కూర్చుంది. మా ఆవిడ తలుపు పక్కన నిలబడి కొంగుతో మొహం దాచుకుని ఏడ్చింది. ఏడాది తిరిగేలోపు ముందు బల్ల దాకా తీసుకెళ్లచ్చు అనుకున్నాం. ఆశ పడ్డాం, దాచుకోవడం దేనికి.

ఆ నెలల్లోనే మా అమ్మ మాట తగ్గింది. నాకు కనబడలేదు. కళ్లద్దాలు అరగదీసేది నేను కాదు కదా. మా ఆవిడే ఒకరోజు అంది.

"అత్తయ్య ప్రార్థన నుంచి వచ్చాక అన్నం సరిగ్గా తినడం లేదండీ."

"వయసు."

"వయసు మిగతా ఆరు రోజులూ ఉండదా?"

నేను చెవిన పెట్టలేదు. తర్వాత వారం అమ్మ ఒక్కతే బస్సెక్కి ఎక్కడికో వెళ్లొచ్చింది. ఆ సాయంత్రం నేను వరండాలో వైర్లు చుట్టుకుంటుంటే వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. చేతిలో ఆసుపత్రి కాగితం.

"చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాను" అంది. "ఒక గదిలో కూర్చోబెట్టి చెవులకి ఏదో తగిలించారు. కీచు కీచుమని చప్పుడైనప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. అన్నిటికీ ఎత్తాను. నీ వయసుకి ఇంత బాగా వినబడటం అదృష్టం అంది ఆ డాక్టరమ్మ."

"మంచిదేగా. అసలు ఎందుకెళ్లావు?"

"ప్రార్థన వినబడటం లేదురా."

నా చేతిలో వైరు చుట్ట విడిపోయింది.

"ఇంట్లో అన్నీ వినబడుతున్నాయి. నీ పెళ్లాం వంటింట్లో గొణిగేది కూడా వినబడుతోంది. అక్కడికి వెళ్లి కూర్చోగానే ఏమీ లేదు. పెద్దాయన పెదాలు కదులుతుంటాయి. మాట నా దాకా రాదు. మొదట చెవుడనుకున్నాను, నయమే అనుకున్నాను. చెవుడు కాదట."

అప్పుడు అర్థమైంది నేను చేసిన తప్పు. స్పీకర్లు పక్క గోడల మీద ఎత్తులో, హాలు మధ్యకి మొహం పెట్టి ఉంటాయి. ముందు బల్ల వాటి కింద, వాటి గడ్డం కింద పడుతుంది. శబ్దం దించినకొద్దీ మొదట ఎండిపోయేది ఆ బల్లే. మైకు కట్టేవాడెవడైనా హాలంతా ఒకసారి తిరిగి, ప్రతి మూలా నిలబడి విని చూడాలి. పని నేర్చుకునేవాళ్లకి నేను చెప్పే మొదటి పాఠం అది. ఏడు నెలల్లో ఒక్కసారి కూడా నేను ముందు బల్ల దాకా నడవలేదు. అక్కడ కూర్చునేది ముగ్గురు. ఒకావిడకి నిజంగానే చెవుడు, ఇంకొకావిడ హాయిగా నిద్రపోతుంది. మూడోది మా అమ్మ.

"అమ్మా..." అన్నాను.

"నన్ను చెప్పనీ. ఎందుకో నాకు తెలుసు." కాగితం మడత పెట్టింది, మళ్లీ విప్పింది. "ఆ రోజు, పిల్ల తలుపుకి తల బాదుకున్న రోజు, అందరూ చూస్తుంటే నేను కళ్లు మూసుకుని ఒక మాట అనుకున్నాను. దేవుడా, దీన్ని తీసుకుపో, అనుకున్నాను. దీనికీ సుఖం లేదు, నా కొడుక్కీ లేదు, తీసుకుపో అని. ఒక్క క్షణమే. కానీ అన్నాను. విన్నాడు. అలాంటిది అడిగినదానితో మాట్లాడటం ఎందుకని మానేశాడు."

నాకు కోపం రాలేదు. నిజానికి ఆ రోజు నేనూ అలాంటిదే ఏదో అనుకున్నాను. నాకు దేవుడితో అంత చనువు లేదు కాబట్టి ఎవరినీ ఉద్దేశించి అనుకోలేదు, అంతే తేడా.

చెప్పేశాను. మీట, తెల్ల టేపు, వెంట్రుకవాసి, ఏడు నెలలు, అంతా. చివరికి, "నీకు వినబడకుండా చేసింది దేవుడు కాదమ్మా, నేను" అన్నాను. అమ్మ నా తల నిమిరింది.

"నువ్వు నా కడుపున పుట్టావు. ఇలాగే అంటావు" అంది.

నమ్మలేదు. ఎంత చెప్పినా నమ్మలేదు. తన తప్పు నా నెత్తిన వేసుకుంటున్నాననుకుంది. ఆవిడకి నా మీద ఉన్న ప్రేమే నా మాటకి అడ్డం పడింది.

రుజువు చేద్దామని మర్నాడు మధ్యాహ్నం మందిరం తాళాలు తీసుకుని ఆవిడని తీసుకెళ్లాను. ముందు బల్ల మీద ఆవిడ చోట్లోనే కూర్చోబెట్టాను. మీట పాత గుర్తు దగ్గర పెట్టి, వేదిక దాకా పరిగెత్తి, పెద్దాయనలా మెల్లగా మైకులో మాట్లాడాను. వినబడిందంది. వెనక్కి పరిగెత్తి మీట దించి, మళ్లీ వేదిక దాకా పరిగెత్తి, అదే మాట మాట్లాడాను.

"ఇప్పుడో?"

"ఇప్పుడూ వినబడుతోంది."

నా తలకాయ. జనం లేని హాలు ఖాళీ బిందె లాంటిది, గుసగుసలాడినా మోగుతుంది. మూడొందల ఒళ్లూ, వాళ్ల బట్టలూ కలిసి శబ్దాన్ని తాగేస్తాయి. ఈ సంగతి నాకు తెలీనిది కాదు, కంగారులో మర్చిపోయాను. "జనం ఉంటే వేరేగా ఉంటుందమ్మా" అన్నాను. రొప్పుతూ చెమటతో తడిసి ఆ మాట అంటుంటే నాకే అది అబద్ధంలా వినబడింది. అమ్మ లేచి నా చెమట తుడిచింది.

"ఎందుకురా ఇంత అవస్థ? ఆయనకీ నాకూ మధ్య సంగతి, నేను చూసుకుంటాను" అంది.

ఇక ఒకటే మిగిలింది. జనం ఉన్నప్పుడు పాత శబ్దం తిరిగి పెట్టాలి. పిట్ట హాల్లో ఉండగా అది కుదరదు. మా ఆవిడతో చెప్పాను, ఈ ఒక్క వారం పిల్లని తీసుకురావద్దని. "ఒక్క వారమే కదా" అని ఒప్పుకుంది. ఆ ప్రార్థన రోజున మీట పాత గుర్తు దాకా తోశాను. జనం ఉలిక్కిపడ్డారు. పెద్దాయన తన గొంతు విని తానే ఒక అడుగు వెనక్కి వేశారు. నేను చూస్తున్నది అమ్మనే. వెనక నుంచి ఆవిడ తల మాత్రం కనబడుతుంది. మొదటి మాటకే ఆ తల నిటారుగా లేచింది. తర్వాత రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. పాట ముగిసేదాకా ఆ భుజాలు కదులుతూనే ఉన్నాయి.

బయటికి వచ్చాక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏడేళ్లు తగ్గిపోయినట్టు ఉంది మొహం.

"ప్రతి మాటా వినబడిందిరా."

"చెప్పానుగా. మీట పైకి తోశాను."

"అది కాదు." గొంతు తగ్గించింది. "ఈ వారం పిల్ల రాలేదు. అది రాని వారమే నాకు వినబడింది."

నేను తల అడ్డంగా ఊపాను.

"పిల్లని రప్పించవద్దని నేనే అన్నానమ్మా. శబ్దం పెంచాలని."

"నీకు ఆ బుద్ధి పుట్టించిందెవరు?" అంది. "నీ పెట్టె మాత్రం ఎవరి చేతిలో ఉంది? నాకు తెలిసింది ఇప్పుడు. దాన్ని ఇక్కడికి లాక్కురావడం ఆయనకి ఇష్టం లేదు. అది బాధపడుతుందనే. నేనే పంతం పట్టాను, నా స్వార్థానికి, పైన నాకు తోడు కావాలని. పేరు రాయించవద్దు. పెద్దాయనకి నేను చెప్తాను."

ఎవరి కోసమైతే ఏడు నెలలు దొంగతనంగా ఆ మీట దించానో, ఆవిడే ఇప్పుడు పిల్లని ఇంట్లో ఉంచమంటోంది. శబ్దం దించి పిట్టని తీసుకొస్తే ఆవిడకి వినబడదు, తన నమ్మకం నిజమవుతుంది. శబ్దం పెంచితే పిట్ట రావడం కుదరదు, అప్పుడూ ఆవిడ నమ్మకమే నిజమవుతుంది. ఆ మీట ఎటు జరిపినా ఓడిపోయేది నేనే. పెద్దాయన దగ్గరికి వెళ్లి జరిగిందంతా ఒప్పుకున్నాను. భక్తి పెరగలేదనీ, శబ్దం తగ్గిందనీ తెలిసి ఆయన మొహం చిన్నబోయింది గానీ, మంచివారు, అమ్మతో మాట్లాడారు. "నా కొడుకు మిమ్మల్ని కూడా ఒప్పించాడన్నమాట" అని అమ్మ నవ్వేసింది.

"ముందు బల్ల దగ్గర చిన్న స్పీకర్ ఒకటి పెట్టలేరా?" అంది మా ఆవిడ. "హాలంతా తగ్గించి, అత్తయ్యకి మాత్రం వినబడేలా?"

పేర్లు చదివే రోజు ఇంకా రెండు వారాలుంది. నా బుర్రకి ముందే తట్టాల్సింది. అమ్మకి చెప్పకుండా ఆవిడ చోటు కింద, బల్ల కాలికి చాటుగా, రొట్టె అంత చిన్న స్పీకర్ కట్టాను. హాలు శబ్దం దించాను. అమ్మ వద్దంటున్నా పిట్టని తీసుకొచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాను. మూడు వారాల తర్వాత దీపాలు చూసి అది రెండు కాళ్లూ ఊపింది. "పచ్చ, పచ్చ" అంది. పెద్దాయన మాట్లాడటం మొదలుపెట్టారు. ముందు బల్ల మీద అమ్మ తల కొద్దిగా పక్కకి వాలింది, వింటున్నట్టు. ఒకసారి వెనక్కి తిరిగి పిట్ట ఉందా అని చూసింది. ఉంది. వినబడుతోంది, పిల్లా ఉంది. ఆ క్షణం ఆవిడ మొహంలో వచ్చిన వెలుగు నేను చూశాను. గెలిచామనుకున్నాను.

తర్వాత అమ్మ కిందికి చూసింది. కాలికి వైరు తగిలినట్టుంది. వంగి, బల్ల కింద చెయ్యి పెట్టి, ఆ పెట్టెని బయటికి లాగి చూసింది. పెద్దాయన నిలబడ్డ చోటు అక్కడికి నాలుగడుగులే. స్పీకర్ మొహం తిన్నగా మైకు వైపు తిరిగింది. నేను మీట మీదకి చెయ్యి పోనిచ్చేలోపే కూత మొదలైంది. దీపాలన్నీ ఎర్రబడ్డాయి.

పిట్ట అరవలేదు. మొదట "చాలు" అంది. చాలా స్పష్టంగా, నావైపు చూసి అంది, నేను ఆపుతానని. నేను ఆపాను. రెండు సెకన్లు పట్టింది. అప్పటికే స్టూలు మీంచి పడి, నేలకేసి తల కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను అరచెయ్యి దాని తల కింద పెట్టాను. నా వేళ్ల ఎముకల మీద ఆ దెబ్బలు పడుతూనే ఉన్నాయి. మా ఆవిడ వచ్చి దాన్ని ఒళ్లోకి తీసుకుని, దుప్పటి చుట్టి, బయటికి మోసుకుపోయింది. నుదురు చిట్లింది. మూడు కుట్లు పడ్డాయి.

అమ్మ ఆ చిన్న స్పీకర్ చేతుల్లో పట్టుకుని ముందు బల్ల దగ్గర అలాగే నిలబడి ఉంది. నేను దగ్గరికి వెళ్లాను.

"ఇందులోంచా నాకు వినిపించావు?" అంది.

"అవునమ్మా."

"దొంగదారిన వింటే ఇలాగే అవుతుంది" అంది. కోపంగా కాదు. ఎవరికో క్షమాపణ చెప్పుకుంటున్నట్టు అంది. పెట్టె నా చేతిలో పెట్టి, పిట్ట వైపు వెళ్లకుండా ఇంకో తలుపులోంచి బయటికి వెళ్లిపోయింది. తను దగ్గరికి వస్తే దానికి ఏమవుతుందోనని భయపడిందట. ఆ సంగతి తర్వాత మా ఆవిడతో చెప్పుకుంది.

పేర్లు చదివే రోజున మీట పాత గుర్తు దగ్గరే ఉంది. పెద్దాయన పదకొండు పేర్లు చదివారు. ముందు బల్ల మీద అమ్మ నిటారుగా కూర్చుని ప్రతి పేరుకీ తల ఊపింది. నా పక్కన స్టూలు ఖాళీ. మా ఆవిడ పిట్టతో ఇంట్లోనే ఉండిపోయింది. నాతో మాట్లాడి అప్పటికి నాలుగు రోజులైంది. మాట్లాడకపోవడమే నయం, మాట్లాడితే, "ఒక్క వారమే అన్నారు" అంటుంది.

ఇంట్లో పిట్ట గోడల మీద పచ్చదీపాల కోసం వెతుక్కునేది. పాత మిక్సర్ ఒకటి విప్పి, ఆ దీపాల వరసా ఒక చిన్న మైకూ కలిపి చెక్క పెట్టెలో బిగించి ఇచ్చాను. అందులోంచి శబ్దం రాదు. ఎదురుగా ఎవరైనా మాట్లాడితే దీపాలు వెలుగుతాయి, అంతే. పిట్ట దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంటుంది.

కుట్లు విప్పాక కూడా కొన్ని వారాలు అమ్మ దాని దగ్గరికి రాలేదు. మిక్సీ తిప్పేటప్పుడు వీధి చివరికి నేనే తీసుకెళ్లేవాణ్ని. గేట్ల దగ్గర పిట్ట ఆగి, ఊచ తాకి, నా చేతిలో చెయ్యి చూసి, ఇంకెవరిదో అనుకున్నట్టు విడిపించుకునేది. తర్వాత ఒక సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి అమ్మ నేల మీద పిట్ట ఎదురుగా కూర్చుని ఉంది. మధ్యలో ఆ పెట్టె. అమ్మ ఏదో పేరు పిలుస్తోంది. ఎవరిదో అర్థం కావడానికి నాకు ఒక నిమిషం పట్టింది. పిట్ట నిండు పేరు అది. పుస్తకంలో రాయాల్సిన పేరు. పుట్టిన కాగితం మీద తప్ప ఇంట్లో ఎవరమూ ఎప్పుడూ వాడలేదు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"అలవాటు చేస్తున్నాను. పుస్తకంలో దీని పేరు లేదు కదా. ఎవరూ తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టరు. అక్కడ నేనే కేకేసుకోవాలి. నా గొంతుకి ఇది ఒక్కసారి తల తిప్పడం నేర్చుకుంటే చాలు, నేను నిశ్చింతగా పోతాను."

"పిట్టా అనే పిలవచ్చుగా?"

"అక్కడ పిట్టా అంటే ఎన్ని పిట్టలొచ్చి వాలతాయో" అని నవ్వింది. నేను కూడా నవ్వాను. తర్వాత నవ్వలేకపోయాను.

పిలిచింది. పచ్చదీపాలు రెండు వెలిగాయి. పిట్ట వేలు వాటి మీద పెట్టి, "పచ్చ" అంది. అమ్మ మళ్లీ పిలిచింది, కొంచెం గట్టిగా. మూడు వెలిగాయి. ఇంకొంచెం గట్టిగా. పసుపు వెలిగింది. మనసులో ఉన్నది ఆపుకోలేక ఈసారి గొంతెత్తి పిలిచింది, దూరంగా ఎక్కడో ఉన్నవాళ్లని పిలిచినట్టు. ఎర్రది వెలిగింది. పిట్ట రెండు చేతులూ చెవులకి పెట్టుకుని, "చాలు" అంది.

అమ్మ ఆగిపోయింది. "చాల్లే, చాల్లే, రేపు చూద్దాం" అని గొణిగింది.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం కూర్చుంటుంది. ఇప్పటికి నాలుగు నెలలు. పిట్ట ఒక్కసారి కూడా తల తిప్పలేదు. అమ్మ ఎర్రదీపం దాకా వెళ్లడం మానేసింది, ఆ తర్వాత పసుపు దాకా వెళ్లడం కూడా. ఈ మధ్య ఆయాసం వస్తోంది. నిన్న నేను చూసినప్పుడు ఒక్క పచ్చదీపమే వెలుగుతోంది, అది కూడా అప్పుడప్పుడు.